మైపాడు ప్యాసింజర్ భోగినాడు బయల్దేరుతుంది

రైలుకు మూడు పట్టాలుంటాయంటే నమ్ముతారా? మా ఇంట్లో ఉన్నాయి, వచ్చి చూసుకోండి. అటొకటి, ఇటొకటి, నడిమధ్యన ఇంకొకటి! నెల్లూరు స్టేషన్లో ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరిదాకా నడిచినా ఇట్లాంటిది కనపడదు. రైలే లేని ఇందుకూరుపేటలో, అదీ మా నడవలో కనపడింది.

అమెరికాలో ఎడిసన్ అనే ఊళ్లో ఉంటుంది మా మేనకోడలు. ఈసారి వస్తూ చాక్లెట్లు తగ్గించి ఆ బరువుకు తుప్పు పట్టిన ఇనుము తెచ్చింది. అక్కడ పాత సామాను వాకిట్లో పరిచి అమ్ముకుంటారట. అట్లాంటి ఒక వాకిట్లో కొన్నది: ఆవిరి ఇంజను ఒకటి, దాని వెనక బొగ్గుపెట్టె, మూడు పెట్టెలు, అట్టపెట్టె నిండా పట్టా ముక్కలు. ఇంజను చిన్నదే గాని, పోత లోహం, పొత్రమంత బరువు.

"మామయ్యా, ఈ సంక్రాంతికి బొమ్మల కొలువులో ఇది తిరగాల్సిందే" అంది.

ఆ పెట్టె మూత తీసిన దగ్గర్నుంచీ నాకు వేరే లోకం లేదు.

అమెరికాలో క్రిస్మస్ చెట్టు మొదట్లో బొమ్మరైలు తిప్పడం ఆనవాయితీ. ఇది సినిమాల్లో మీరూ చూసే ఉంటారు. నేను చూడని, వినని సంగతి ఇంకోటుంది. పెన్సిల్వేనియాలో మొరేవియన్ క్రైస్తవులు పండగ వస్తే చెట్టు కిందా బల్లల మీదా ఏకంగా బొమ్మల ఊరే పేరుస్తారట. పశువుల పాక, గుట్టలు, నాచు పరిచిన నేల, గొర్రెలు. దాన్ని పుట్జ్ అంటారు. 1920లు, 30ల్లో జపాను నుంచి అట్టతో చేసిన బుల్లి ఇళ్లు ఓడలెక్కి వెళ్లి అమెరికా చెట్ల కింద ఊళ్లు కట్టాయి. చదువుతున్నంతసేపూ మా అమ్మ పెట్టెలూ పీటలూ పేర్చి, వాటిమీద తెల్లదుప్పటి పరిచి బొమ్మలు నిలబెట్టడమే కళ్లముందు ఆడింది. చలికాలం, పిలకాయలకు సెలవలు, ఇంట్లో ఒక మూల బుల్లి లోకం, ఇరుగుపొరుగు వచ్చి చూసిపోవడం! వాళ్లది డిసెంబరు, మనది జనవరి. వాళ్ల బొమ్మల ఊరికి రైలు కూడా వచ్చింది, మా కొలువుకు రాలేదు. ఆ ముచ్చట ఈ భోగికి తీరిపోతుంది.

పెట్టె మీద లయొనెల్ అని రాసుంది. జాషువా లయొనెల్ కోవెన్ అనే ఆయన 1900లో న్యూయార్కులో పెట్టిన కంపెనీ. తొలి బండి పిలకాయల కోసం చేసింది కాదు. దుకాణం అద్దాల వెనక సరుకు పెట్టి గుండ్రంగా తిప్పితే దారినపోయేవాళ్లు ఆగి చూస్తారని చేశాడు. ఆగారు. చూశారు. సరుకు సంగతి వదిలేసి బండి అమ్ముతావా అని అడిగారు! 1906లో ఈ మూడు పట్టాల పద్ధతి తెచ్చాడు. ఇంగ్లండులో ఫ్రాంక్ హోర్న్‌బీ రైళ్లు వచ్చింది 1920లో, అవి మొదట్లో కీ ఇస్తే తిరిగేవి. లయొనెల్ ఫ్యాక్టరీ తర్వాత న్యూజెర్సీకి మారింది కాబట్టి మా మేనకోడలు తెచ్చింది సొంత రాష్ట్రం సరుకే. అన్నట్టు, వాళ్లూరికి ఎడిసన్ అని పేరు పెట్టింది 1954లో. ఆ ఊళ్లోని మెన్లో పార్కులోనే థామస్ ఎడిసన్ 1880లో కరెంటుతో రైలు నడిపి చూశాడు. ఇంత కథ ఉన్న ఊళ్లో ఇన్నేళ్లుంటూ ఒక్కనాడు చెప్పలేదు ఆ పిల్ల!

ఒక పట్టా ముక్క చేతిలోకి తీసుకోండి. రేకును గొట్టంగా చుట్టి, తల గుండ్రంగా ఉంచి, అడుగున రెండు అంచులు చాపారు. అట్లాంటివి మూడు పక్కపక్కన, వాటికింద అడ్డంగా మూడు రేకు స్లీపర్లు. స్లీపరుకున్న పళ్లు వంగి పట్టా అంచును కరుచుకుని ఉంటాయి. ప్రతి పట్టాకూ ఒక కొసన సన్న ఇనుప పిన్ను, రెండో కొస బోలు. ఈ ముక్క పిన్ను ఆ ముక్క బోలులో పెట్టి నొక్కితే టక్కుమని కూర్చుంటుంది. మేకు లేదు, స్క్రూ లేదు, బంక లేదు. ముక్కనుమ దాటాక లాగితే ఊడొస్తుంది. నాలుగు రోజుల కొలువుకు ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

నడిపట్టా కింద మాత్రం, స్లీపరు తగలకుండా, నల్లటి గట్టి కాయితం ముక్క ఇరికించారు. కిటుకంతా ఆ కాయితంలోనే ఉంది. కరెంటు నడిపట్టాలో వస్తుంది. ఇంజను పొట్ట కింద ఒక రోలరు దాన్ని రాసుకుంటూ పోయి మోటారుకు అందిస్తుంది. తిరుగుదారి చక్రాల మీదుగా పక్కపట్టాల్లోకి. ఆ పక్కవి రెండూ ఒకే తీగ కింద లెక్క. రెండు పట్టాల బొమ్మరైళ్లలో దారి మెలిక తిరిగి వెనక్కొచ్చి తనలో తాను కలిస్తే ఎడమది కుడిదానికి తగిలి షార్టవుతుంది. ఇందులో ఎట్టా తిప్పి ఎట్టా కలిపినా నడిమికి నడిమే, ఎడమది కుడిదానికి తగిలినా రెండూ ఒకే తీగ. గొడవే లేదు!

నమూనా రైళ్ల పెద్దలకు ఈ మూడో పట్టా గిట్టదు. అసలు రైలుకు లేనిది బొమ్మకెందుకు, మొరటు అంటారు. మొరటే. పుణెలో జోషీ గారి బుల్లి రైళ్ల మ్యూజియం 1998 నుంచి ఉంది, అట్లాంటి చోట పనితనంతో మేం పోటీకి పోం. కొలువుకు మాత్రం ఈ మొరటుదే సరైనదని నేను పందెం కాస్తాను.

కొలతల్లో ఇంకో తమాషా. పక్కపట్టాల మధ్య దూరం ఒకటింపావు అంగుళం. ఈ రైలు అసలుదానికి 48వ వంతు కాబట్టి హెచ్చవేస్తే అయిదడుగులు. అమెరికా రైలుమార్గం వెడల్పు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు, మన బ్రాడ్‌గేజి అయిదడుగుల ఆరంగుళాలు. అంటే ఈ పట్టా వాళ్లదీ కాదు మనదీ కాదు, సముద్రం మధ్యలో ఎక్కడో ఉంది. అదే లెక్కన కిలోమీటరు దారి చూపించాలంటే ఇరవై మీటర్ల పైచిలుకు చోటు కావాలి. నెల్లూరు నుంచి పడుగుపాడు దాకా ఉన్నదున్నట్టు పరిస్తే మా వీధి దాటిపోతుంది.

అందుకని పట్టెమంచం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, పైన ప్లైవుడ్ షీటు. ఎనిమిది వంపు ముక్కలు కలిపితే 27 అంగుళాల చుట్టు వస్తుంది. తిన్నటి ముక్క ఎనిమిదీ ముప్పావు అంగుళాలు. వాటిని చెరోవైపు నాలుగేస్తే మొత్తం పొడవు 62 అంగుళాలు. మంచం 72. కొసల్లో చెరో అయిదంగుళాలు, పక్కల చెరో నాలుగున్నర మిగిలాయి. మా మంచం చేసిన వడ్రంగికి లయొనెల్ కంపెనీతో ఏమన్నా మాటామంతీ ఉందా అని అనుమానమొచ్చింది నాకు.

ఇక ఏ లైను? అసలు లైను మాకు పడమటగా, 1899లో బెజవాడనూ మద్రాసునూ కలిపినది, నెల్లూరు మీదుగా పోతుంది. పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాలన్నా నెల్లూరు పోవాల్సిందే. మావైపు వరి, రొయ్యల గుంటలు, ఆపైన సముద్రం. మంచం మీద మాత్రం రైల్వే బోర్డు నేనే! నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా మైపాడు బీచికి లైను శాంక్షన్ చేశాను. నిజానికి మైపాడు పోవడానికి పెన్న దాటే పనిలేదు, ఏరు ఉత్తరాన ఉంది. అయితే వంతెన లేని రైలు ఏం రైలు? ఒక పొడుగు వైపంతా పెన్న వంతెన వేస్తున్నాం. ఇంకోవైపు మా స్టేషను. ఒక కొసన మైపాడు. పసుపు పలక మీద నల్ల అక్షరాలతో ఊరిపేరు, కింద సముద్రమట్టానికి ఎత్తు రాస్తారు కదా, మైపాడు పలక మీద "అదుగో సముద్రం" అని రాయిస్తున్నా.

సంక్రాంతి అనగానే కుప్పలు, నూర్పిళ్లు, గాదెలు బొమ్మ కట్టడం అందరికీ అలవాటు. నెల్లూరు డెల్టాలో అప్పటికి కోతలెక్కడివి? ఈశాన్య రుతుపవనం వానలతో నాట్లేసి, పండక్కి పైరు పచ్చగా ఊగుతుంటే చూస్తాం. అందుకే మంచం మధ్యన పచ్చటి పొలమే ఉండాలి. భోగికి వారం ముందు రాగులూ మెంతులూ పళ్లేల్లో చల్లితే సరి, కొలువుల్లో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. పళ్లేల్లోనే ఉంచాలి, తడి పట్టాకు తగలకూడదు. రొయ్యల గుంటలకు ఫొటో ఫ్రేముల అద్దాలు, ఏరియేటర్లకు చొక్కా గుండీలు. ఇళ్లు పెళ్లిపత్రికలతో! జపాను వాళ్లకు కూడా ఇంత మందం అట్ట దొరికుండదు, అంత బంగారు పూతా దొరికుండదు.

బొమ్మల దగ్గర పేచీ వచ్చింది. 48వ వంతులో అయిదున్నర అడుగుల మనిషి ఒకటిన్నర అంగుళం కూడా ఉండడు. మా కొండపల్లి కల్లుగీత మనిషి రైలు కంటే ఎత్తు. అంబారీ ఏనుగు అడుగేస్తే స్టేషను మిగలదు. ఆలోచించి పొణికి చెక్క బొమ్మలన్నిటినీ వెనక మెట్ల మీదికి ఎక్కించాం. దశావతారాలు పైనుంచి చూస్తుంటాయి, కాళ్ల దగ్గర రైలు పోతుంటుంది. ఏటికొప్పాక లక్కపిడత ఒకటి మాత్రం స్టేషన్లో నీళ్లట్యాంకు అయింది. ఆవిరి ఇంజను కదా, నీళ్లు పట్టాలి. ఆ కాలంలో మా జిల్లాలో బిట్రగుంటలో పెద్ద లోకోషెడ్డే ఉండేది.

అసలు నన్ను నేలమీద నిలవనీయని సంగతి చెప్పలేదు ఇంకా. పక్కపట్టాలు రెండూ ఒకే తీగ అన్నాను కదా. ఒక ముక్కలో ఒక పక్కపట్టాను విడదీసి, దానికింద కూడా నడిపట్టాకున్నట్టే కాయితం పెట్టి, రెండు కొసల్లో ఇనుప పిన్నులు తీసేసి కరెంటు పారనివి పెడితే? ఆ పట్టా ఒంటరిదైపోతుంది. ఒక బల్బు తీగ నడిపట్టాకు, ఇంకో తీగ ఈ ఒంటరి పట్టాకు. వెలగదు. రైలొచ్చి చక్రాలు మోపగానే ఇరుసు మీదుగా అటూ ఇటూ కలిసిపోయి వెలుగుతుంది. రైలు దాటగానే ఆరిపోతుంది. స్విచ్చు లేదు, మనిషి లేడు. రైలే స్విచ్చు!

ఆ కాయితం కోసం మోటారు వైండింగ్ షాపుకు పోయాను. రొయ్యల గుంటల పుణ్యమా అని మావైపు వాటికి కొదవలేదు.

"ఎన్ని హెచ్‌పీ మోటారన్నా?" అన్నాడు కుర్రాడు.

జేబులోంచి ఇంజను తీసి బల్లమీద పెట్టాను. పట్టుకున్న ఏరియేటరు మోటారు పక్కన పెట్టేశాడు. లెదరాయిడ్ కాయితం సన్నగా కత్తిరించి, స్లీపరు పళ్లు స్క్రూడ్రైవరుతో లేపి, కింద దూర్చి, మళ్లీ నొక్కింది అతనే. పిన్నులకు బదులు కొబ్బరి ఈనె పుల్లలు చెక్కి పెట్టాం. పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు తగిలించి, బైకు ఇండికేటరు బల్బు కట్టి, వేలితో ఒక పెట్టెను తోశాడు. చక్రం ఆ ముక్క మీదికి రాగానే బల్బు భగ్గుమంది. వెనక్కి లాగితే ఆరింది. తోస్తే వెలిగింది. గుంట మోటారు కోసం వచ్చిన రైతు కూడా "ఏదీ, ఇంకోసారి" అని వంగి చూశాడు. ఆ బల్బు గంగపట్నం చాముండేశ్వరమ్మ గుడి బొమ్మలో పెడుతున్నాం. రైలు గుడి ముందుకు రాగానే గర్భగుడి వెలగాలి.

అమెరికా ట్రాన్స్‌ఫార్మరును మాత్రం గోడకు తగిలించే ప్రశ్నే లేదు. అది 120 వోల్టులకు, 60 సైకిళ్లకు చేసింది, మన గోడలో 230, 50. ఇక్కడి ట్రాన్స్‌ఫార్మరే మూసిన పెట్టెలో పెట్టి, ఫ్యూజు వేసి, పిలకాయల చేతికి పన్నెండు వోల్టుల కొసే అందేట్టు చేస్తున్నాం. ఇంకో విచిత్రం, ఈ మోటారు ఏసీ మీదా నడుస్తుంది, డీసీ మీదా నడుస్తుంది. కాకపోతే బొగ్గుపెట్టెలో కూత ఉంది, దాన్ని లేపేది డీసీ. 1935 నాటి ఏర్పాటట. బండినే డీసీ మీద నడిపారా, ఇక ఆగకుండా కూస్తూనే ఉంటుంది, పేరంటానికి వచ్చినవాళ్లు పారిపోతారు.

మైపాడు ఉప్పుగాలికి తుప్పు ఎట్లాగూ తప్పదు. పట్టాల తలలు పచ్చ స్క్రబ్బరుతో రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడవాలి. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం తేకూడదు, దాని పోగులు మోటారు అయస్కాంతానికి అంటుకుని లోపల షార్టు చేస్తాయి. ఇరుసులకు కుట్టుమిషను నూనె, సూదిమొనతో ఒక్క చుక్క.

నిన్న ప్లైవుడ్ షీటు మంచం మీదికెక్కింది. పట్టా చుట్టూ కలిపాం, ఒక్క ముక్క మిగల్లేదు, ఒక్కటి తక్కువ కాలేదు. మా ఆవిడ వాకిట్లోంచి వచ్చి అంతా తేరిపార చూసింది.

"రైలు బాగానే ఉంది. పండగెళ్లేదాకా మీరు యాడ పడుకుంటారు?"

ప్లాట్‌ఫారం మీదన్నాను.