మెదడు, దాని ఇంధనము

బెంగుళూరున తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో మధుమేహము ఎరుగని ఇల్లు అరుదు. నలుగురు కూడినచోట ఆ వ్యాధివలన కన్నులకు, కాళ్లకు, మూత్రపిండములకు కలుగు హానిని గూర్చి చెప్పుకొందురు. మెదడు మాట ఎత్తువారు తక్కువ. అందుచే ఈ నాలుగు మాటలు వ్రాయ బూనితిమి.

మెదడు బరువు మన దేహభారమున నూటికి సుమారు 2 పాళ్లు మాత్రమే. అయినను విశ్రాంతిగా నున్న దేహము వెచ్చించు శక్తిలో సుమారు 20 పాళ్లు అదియే గైకొనును. దినమునకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు దానికి కావలెను. గాదెలో గింజలు లేని సంసారమువలె, రక్తము ఎప్పటికప్పుడు తెచ్చియిచ్చినదే దానికి ఆధారము.

ఆ గ్లూకోజును దేహము ఏ.టి.పి. అను పదార్థముగా మార్చుకొని వాడుకొనును. శక్తి వ్యాపారమున అది చెల్లుబడి నాణెము వంటిది. నాడీకణము తనలో చొరబడిన సోడియమును వెలికి నెట్టుటకు ఈ నాణెమునే చెల్లింపవలెను. 1929లో దీనిని కండరములలో కనుగొన్నవారిలో, 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. హార్వర్డులో ఫిస్కెగారితో కూడి ఆయనయు, జర్మనీలో లోమన్‌గారును ఒకే యేట దీనిని వెల్లడించిరి. మన భాష మాటలాడిన మనీషి ఒకడు ఈ శాస్త్రమునకు పునాదిరాయి మోసెనన్నది మనకు గర్వకారణము.

అయితే మెదడు కేవలము తిని కూర్చుండునది కాదు. ఇంటి పెత్తనము కూడ దానిదే. 1849లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లోడ్ బెర్నార్డు కుందేలు మెదడు అడుగుభాగమున సూదితో పొడువగా దాని మూత్రమున చక్కెర కనబడెను. భయము, దుఃఖము, నిద్రలేమి కలిగినపుడు మెదడు ఆజ్ఞచే అడ్రినలిన్, కార్టిసోల్ అను రసములు ఊరి రక్తమున చక్కెరను పెంచును. అమెరికాలోని కుమారుని ఫోను రాలేదని రాత్రులు మేల్కొనిన తల్లి దిగులు, మరునాటి రక్తపరీక్షలో అంకెయై కనబడవచ్చును.

ఇక ఇంధనము తగ్గిన ఏమగునో మా ఇంటనే చూచితిమి. మా పెదనాన్నగారు ఒక ఏకాదశినాడు మధుమేహపు మాత్ర వేసికొని భోజనము మానిరి. సాయంకాలమునకు చెమటలు పట్టి, చేతులు వణకి, సొంత కోడలినే “ఎవరమ్మా నీవు?” అని అడిగిరి. చూడవచ్చిన పొరుగువారు వయసు మీదపడినదనిరి. కోడలు మాత్రము ఆలసింపక చక్కెర నీళ్లు త్రాగించినది. పావుగంటకు ఆయన “కాఫీ యేదమ్మా?” అని పిలిచిరి. స్పృహ తప్పినవారి నోట మాత్రము ఏమియు పోయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఇది క్షణికమైన కరవు. ఏండ్ల తరబడి అదుపు తప్పిన మధుమేహము సన్నని రక్తనాళములను చెరచి, ముదిమిలో మతిమరపు వ్యాధికి దారితీయవచ్చును. మానసికమైన క్రుంగుబాటు మధుమేహమునకును, మధుమేహము క్రుంగుబాటునకును తోడగుచున్నవని వైద్యులు గుర్తించిరి. మన నగరమున హోసూరు రోడ్డునందలి నిమ్‌హాన్స్ సంస్థ, 1954లో వెలసిన అఖిలభారత మానసికారోగ్య సంస్థయు పాత మానసిక వైద్యశాలయు 1974లో ఏకమగుటచే ఏర్పడినది. అచ్చట మనోవ్యాధులకును నాడీవ్యాధులకును ఒకే ప్రాంగణమున చికిత్స జరుగుచున్నది. మనస్సు వేరు, దేహము వేరు అనుకొనుటకు వీలులేదనుటకు ఇది మంచి గురుతు.

కావున పెద్దలయందు ఆకస్మికమైన చిరాకు, తడబాటు కనబడినపుడు ముసలితనమని త్రోసివేయక ముందు చక్కెర చూడవలెను. మాత్రలు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసము చేయరాదు. చక్కెర పెరిగినపుడు పథ్యము తప్పిరని గద్దించుటకు ముందు, దగ్గర కూర్చుండి “మనసులో దిగులేమైన కలదా?” అని అడుగవలెను. ఆ ప్రశ్న కూడ వైద్యములో భాగమే.