రద్దయిన అప్పుకు చాకిరీ

మా అంగళ్లు ఊరి దగ్గరి పల్లెలో ఒక తాత ఉన్నాడు. వాళ్ల నాయన చేసిన అప్పు కింద చిన్నప్పుడే జీతానికి కుదిరాడు. తెల్లారకముందే బావి నీళ్లకు కపిల తోలాలి, పేడ ఎత్తాలి, రాత్రి శెనక్కాయ చేలో కాపలా పండుకోవాలి. దీనికి రెండు పూటలా సంగటి, ఏడాదికో జత గుడ్డలు. ఉగాదికి లెక్క చూస్తే అప్పు పెరిగేదే గానీ తరిగేది కాదు. కాగితంలో ఏముందో తెలియకుండానే వేలిముద్ర వేసేవాడు.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. 1975 అక్టోబరు 25 నుంచే అమలైనట్టు లెక్క. అలాంటి అప్పులన్నీ దాంతోనే రద్దు. అది వెట్టి అప్పు కాదని నిరూపించాల్సింది అప్పిచ్చినవాడే. వెట్టి చేయిస్తే మూడేళ్ల దాకా జైలు. అయినా తాత ఇంకా కొన్నేళ్లు ఆ దొడ్లోనే చాకిరీ చేశాడు. చట్టం వచ్చిందని ఆయనకు చెప్పిన దిక్కు లేదు.

‘మా అబ్బ జేసినాడు, మా నాయన జేసినాడు, నేనూ జేసినా. నా కొడుకును మాత్రం బడికే పంపిస్తి’ అంటాడు. ఇప్పుడు మనవరాలు మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. నా దృష్టిలో ఆ ఇంటి చరిత్రలో అతి పెద్ద నిర్ణయం కొడుకును బడికి పంపడమే.

మీ ఊళ్లో జీతం చేసిన పెద్దాయన ఉంటే, ఆయన ఉండగానే కూర్చుని అడగండి, రాసిపెట్టండి. ఇటుక బట్టీలోనో, కోళ్ల ఫారంలోనో అడ్వాన్సు పేరుతో ఎవరినైనా కదలనీయకుండా పెట్టుకుంటే కలెక్టరుకు, ఆర్డీవోకు చెప్పండి. విడిపించి, విడుదల పత్రం ఇవ్వడం వాళ్ల బాధ్యత.