చిలకలూరిపేటలో మంచుచెక్కలు

మా ఊళ్ళో తెల్లగా కుప్పలు పోసి కనిపించేది ఒకటే - పత్తి! నవంబరు దాటిందంటే చాలు, ట్రాక్టర్లూ, లారీలూ, బోరేలూ... జిన్నింగు మిల్లు ఆవరణలో నిలబడి ఫొటో దిగి "ఇదే కాశ్మీరు" అంటే దూరపు చుట్టాలు నమ్మినా నమ్ముతారు. గుంటూరు నుంచి ఒంగోలు పోయే 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ఊరు మాది. 2022 నుంచి పల్నాడు జిల్లా. మే నెలలో 45 డిగ్రీల ఎండ తిన్నవాళ్ళం. అలాంటి చోట, మా డాబా మీద, డిసెంబరంతా స్కీల మరమ్మతు సాగిందంటే మీరు నవ్వడం న్యాయమే లెండి.

స్కీలంటే తెలుసుగా? మంచు మీద జారడానికి కాళ్ళకి కట్టుకునే పొడుగాటి చెక్కలు. చెక్కలని అనడమే గానీ అడుగున ప్లాస్టిక్ పొర, అంచులకి ఉక్కు పట్టీ ఉంటాయి. రెండు కాళ్ళూ ఒకే పలక మీద పెట్టి అడ్డంగా నిలబడి జారితే అది స్నోబోర్డు. మా బావ డెన్వరులో ఉద్యోగం. కొలరాడో కొండల్లో వాడిన పాత సరంజామా - రెండు జతల స్కీలు, ఒక బోర్డు, రెండు జతల బూట్లు - రెండేళ్ళ కిందట సెలవుకొచ్చినప్పుడు మా అటక మీద పడేసి వెళ్ళాడు. ఈసారి ఫోనులో, "ఒరే బామ్మర్దీ, ఫిబ్రవరిలో గుల్మార్గ్ పోదాం. సామాను సిద్ధం చెయ్యి" అన్నాడు.

గుల్మార్గ్! సినిమా పిచ్చి ఉన్నవాడికి ఆ పేరు చాలదూ? రాజ్ కపూర్ 'బాబీ' (1973) తీసింది అక్కడే. 'ఆప్ కీ కసమ్' (1974)లో రాజేష్ ఖన్నా, ముంతాజ్ శివాలయం దగ్గర ఆడిపాడిందీ అక్కడే. మన సినిమాల్లో మంచు పాటంటే మీకు తెలియందేముంది? హీరోగారికి స్వెట్టరు, దానిపైన కోటు, దానిపైన మఫ్లరు. హీరోయిన్‌కి మాత్రం పల్చటి షిఫాన్ చీర! ఆ అమ్మాయిల ఓర్పుకి ఏటేటా ఒక అవార్డు పెట్టాలని నా అభిప్రాయం.

ఫిబ్రవరే ఎందుకంటే, మంచుని నమ్మడానికి లేకుండా పోయింది. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ మైదానంలో గడ్డే కనిపించింది. నెలాఖరుకి గానీ మంచు పడలేదు. 2025లో మంచు చాలక ఖేలో ఇండియా శీతాకాలపు పోటీలు మార్చికి వాయిదా పడ్డాయి. అక్కడివాళ్ళూ మన మెట్టరైతుల్లాగా ఆకాశం కేసి చూసే రోజులొచ్చాయి.

మూడో మనిషి మా మిల్లు ఫిట్టరు భాయ్. మా నాన్న దూది బేళ్ళ వ్యాపారం చేసే మిల్లులోనే ఆయన పని. జిన్ను యంత్రాల తోలు రోలర్లకి గాళ్ళు కొయ్యడం, కత్తుల సందు సరిచెయ్యడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. సముద్రం చూశాడు గానీ మంచు చూడలేదు. రెండేళ్ళుగా చీటీ కట్టి దాచిన డబ్బుతో వస్తున్నాడు. మిల్లు జోరుగా తిరిగే రోజుల్లోనే ఎనిమిది రోజుల సెలవు, అదీ జీతం లేకుండా. వాళ్ళావిడ మా ఇంటికొచ్చి ఒకే మాట అంది: "తమ్ముడూ, ఈయన నిలబడి పనిచేసే మనిషి. కాళ్ళతో వెళ్ళి కాళ్ళతో రావాలి." ఆ మాట అన్నాక ఆ సామాన్ని ఆటవస్తువులా చూడబుద్ధి కాలేదు.

అటక దింపితే కథ తెలిసింది. అంచులకి ఎర్రగా తుప్పు. అడుగు పొర ఎండిన పెదవిలా తెల్లబారింది. భాయ్ అంచు మీద గోరు గీశాడు. గోరు మీద పొట్టు లేస్తే అంచుకి పదును ఉన్నట్టు, జారిపోతే లేనట్టు. జారిపోయింది! సన్నటి ఎమరీ కాగితంతో తుప్పు తీసి, ఆకురాయి పట్టాడు. ఒకటే దిక్కుకి, ఒకే ఒత్తుతో, పొడుగునా. గట్టిపడిన మంచు మీద మలుపు తిరిగేటప్పుడు ఆ అంచే పట్టు. అది మొద్దుబారితే మనిషి పక్కకి కొట్టుకుపోతాడు. డెన్వరులో దుకాణాలవాళ్ళు దీనికి యంత్రాలు పెట్టారట. మా భాయ్ చెయ్యి చూస్తే ఆ యంత్రం సిగ్గుపడుతుంది.

తరవాత మైనం. స్కీ జారేటప్పుడు రాపిడికి మంచు కాస్త కరిగి అడుగున పల్చటి నీటిపొర ఏర్పడుతుంది. మైనం పట్టిన అడుగు ఆ నీటిని అంటనివ్వదు, జర్రున పోతుంది. ఎండిపోయిన అడుగు మంచుకి అతుక్కుంటుంది. బావ పంపిన మైనం బిళ్ళని పాత కరెంటు ఇస్త్రీపెట్టెకి ఆనించి చుక్కలు చుక్కలుగా కార్చి, అదే పెట్టెతో పరవాలి. పెట్టె ఒక్కచోట ఆగకూడదు, పొగ రాకూడదు. పొగ వచ్చిందంటే వేడి ఎక్కువైనట్టే, అడుగు పొర కాలిపోతుంది. వీధి చివర ఇస్త్రీ తాత "బొగ్గుల పెట్టె ఇస్తా" అన్నాడు గానీ దాని వేడి మన చేతిలో ఉండదని ఒద్దన్నాం. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ప్లాస్టిక్ స్కేలుతో పైపై మైనమంతా గీకేసి బ్రష్షు కొట్టాం. లోపలికి ఇంకిందే పనిచేస్తుంది, పైన ఉన్నది అడ్డమే.

ఇక బట్టలు. ఇక్కడొచ్చింది రగడ! మంచులోకి పోయేవాడు ఒంటికి నూలుబట్ట తగలనివ్వకూడదు. చెమట పట్టిందంటే నూలు దాన్ని పీల్చుకుని ఆరదు. తడిబట్ట ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్నిదో, పాలిస్టరుదో ఉండాలి. నేనీ మాట అనగానే మా నాన్న పేపరు దించి, "అంటే... మన ఊరి సరుకు పనికిరాదంటావా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు దూది తిండి పెట్టిన ఇల్లు మాది. నాకేం చెప్పాలో తోచలేదు. భాయే ఆదుకున్నాడు: "పనికొస్తుంది అన్నా, ఇవన్నీ తుడిచింది మిల్లు వేస్టుతోనేగా!"

చలి రుచి చూడటానికి గుంటూరు దారిలో ఒక మిర్చి కోల్డు స్టోరేజీకి వెళ్ళాం. తెలిసినవాళ్ళది. లోపల ఫ్రిజ్జులో ఉన్నంత చలి. గుల్మార్గ్‌లో శీతాకాలపు రాత్రి సున్నాకి దిగువన పది డిగ్రీల దాకా పోతుందనుకోండి, అయినా మనకి దొరికిన హిమాలయం అదే. ఉన్ని బనీను, స్వెట్టరు, గాలి దూరని కోటు, గ్లవ్సు, కళ్ళద్దాలు - పూర్తి గెటప్‌తో అరగంట మిర్చి టిక్కీల మధ్య కూర్చున్నాం. ఒంటికేం కాలేదు గానీ, భాయ్ గ్లవ్సు పల్చనని వేళ్ళు చెప్పాయి. ఘాటుకి తుమ్ములే తుమ్ములు! హమాలీలు ఏ సినిమా షూటింగని అడిగారు.

అసలు ప్రమాదం బూట్లలో దాక్కుని ఉంది. చూపుకి కొత్తవాటిలా మెరుస్తున్నాయి. భాయ్ మడమ దగ్గర బొటనవేలితో నొక్కాడు. పెళుక్కున పెంకు లేచింది, ఎండిన అప్పడంలాగ. ఆ రకం ప్లాస్టిక్ ఏళ్ళు గడిచేకొద్దీ తేమకీ వేడికీ లోలోపలే చివికిపోతుందట. ఇదే కొండ మీద, జోరు మీద ఉన్నప్పుడు పగిలి ఉంటే? ఎవరం మాట్లాడలేదు. రెండు జతలూ పాతసామాన్లవాడికి వేసేశాం. ఫోనులో బావ కాసేపు గునిశాడు, తరవాత ఒప్పుకున్నాడు. బూట్లు గుల్మార్గ్‌లో అద్దెకి తీసుకుంటాం. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశం నుంచి ఒక్కడే వెళ్ళిన ఆరిఫ్ ఖాన్ ఆ ప్రాంతపు కుర్రాడే. వాళ్ళ నాన్నది స్కీ సామాన్ల దుకాణం. అంటే ఆ పని తెలిసిన చేతులు అక్కడ ఉన్నట్టే.

బూటు మారితే బిగింపు కూడా మార్చాలి. స్కీకి బూటుని పట్టి ఉంచే బిగింపుకి ఒక అంకె ఉంటుంది. మనిషి పడ్డప్పుడు అది సమయానికి విడిపోవాలి. మరీ బిగువైతే స్కీ కాలిని వదలదు, మోకాలు మెలిపడుతుంది. మరీ వదులైతే నడిదారిలో ఊడిపోతుంది. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత వచ్చు అన్నవి చూసి పనివాడే ఆ అంకె పెట్టాలి. భాయ్ స్క్రూలన్నీ బిగించాడు గానీ ఆ అంకె జోలికి పోలేదు. "నా యంత్రమైతే నేను చూసుకుంటా, ఇది వాళ్ళ యంత్రం" అన్నాడు. స్నోబోర్డు బిగింపు మామూలుగా పడ్డప్పుడు విడిపోనే విడిపోదు. అందులో దెబ్బ తగిలేది ఎక్కువగా మణికట్టుకి. బోర్డు బావకే వదిలేశాం.

దుకాణంలో బరువు అడిగితే కొందరు హీరోల్లాగా తగ్గించి చెబుతారట. అందుకని ముందే చూసుకుందామని భాయ్ మిల్లులో పత్తి తూచే కాటా ఎక్కాడు. 72 కిలోలు. పక్కనే లెక్క రాసుకుంటున్న మా నాన్న తల ఎత్తకుండానే అడిగాడు:

"తేమకి తరుగు తీశారా?"