చూపు ఆనినంత మేర

రిమోట్ విమానం అనగానే మా వీధిలో అందరూ డ్రోన్ అనుకుంటారు. పెళ్లిళ్లలో వీడియో తీసే నాలుగు ఫంకాల డ్రోన్. అది వేరు, ఇది వేరు. ఆ డ్రోన్‌ని పైకి లేపి స్టిక్కుల మీంచి వేళ్లు తీసేస్తే, ఉన్నచోటే నిలబడి మనకోసం కాచుకుంటుంది. విమానం నిలబడదు. ముందుకు పోతూనే ఉండాలి, ఆగితే పడిపోవాలి. మావారికి ఈ పిచ్చి పట్టింది అందుకేనని నా అనుమానం.

మా ఇంట్లో ఉన్నవి మూడు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి మీటరు పైచిలుకు, బరువు కిలోకి అటూ ఇటూ. ఒళ్లంతా ఫోమ్. ముక్కు దగ్గర ఒక మోటారు, రెక్కల్లోనూ తోకలోనూ అగ్గిపెట్టెలో సగం ఉండే సర్వో మోటార్లు. కొన్నిటిని కోఠి గుజరాతీ గల్లీలో విడి భాగాలు కొనుక్కొచ్చి మావారే కూర్చారు. బ్యాటరీ ఒకసారి ఛార్జింగ్ పెడితే ఏడెనిమిది నిమిషాలు ఎగురుతుంది. ఆ ఏడెనిమిది నిమిషాల కోసం ఆదివారం పొద్దున ఐదింటికి లేవడం. మిగతా ఆరు రోజులూ నాచారంలో డ్యూటీకి నేను మూడుసార్లు పిలిస్తే గానీ లేవని మనిషి.

మా అత్తమ్మ మొదట్లో ఊరుకోలేదు. "ఏంది కొడుకా, యాభై ఏండ్లు రావట్టె, గీ బొమ్మలాటేంది? అంత ఎగరేయాలనుంటే సంక్రాంతికి పతంగి ఎగరెయ్యి" అనేది. మావారు దానికి చెప్పిన జవాబు నాకు బాగా గుర్తుండిపోయింది. పతంగికి దారం ఉంటుంది, గాలి సంగతంతా దారంలోంచి చేతికి తెలిసిపోతుంది, కళ్లు మూసుకుని కూడా కాసేపు ఎగరేయొచ్చు. విమానానికి దారం లేదు. అది ఎలా ఉందో చేతికి ఏమీ తెలియదు. కంటికే తెలియాలి.

నిజానికి ఆయన కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఎగరేసిన మోడళ్లకి తీగలుండేవట. రెండు సన్నని తీగలు, చేతిలో ఒక పిడి. విమానం మన చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే మనమూ దానితోపాటు తిరగాలి. కళ్లు తిరిగి పడిపోయినవాళ్లున్నారట. తీగ తెంచుకుని పోయే విమానం మీద అప్పుడే మనసు పడ్డా, కొనడానికి ముప్పై ఏళ్లు పట్టింది. మధ్యలో ఉద్యోగం, పెళ్లి, చెల్లెళ్ల పెళ్లిళ్లు, హబ్సిగూడలో ఈ ఫ్లాటు, దాని లోను.

అందరూ మొదట ఎగరేసేది ట్రైనర్ రకం. రెక్క ఒంటి మీద, గొడుగులాగా ఉంటుంది, కొసలు కొంచెం పైకి లేచి ఉంటాయి. పక్కకి వాలినా చెయ్యి వదిలేస్తే తనంతట తాను సర్దుకుంటుంది. తప్పటడుగులప్పుడు పిల్లలకిచ్చే చెక్కబండిలాంటిది. ఏడాది తర్వాత స్పోర్ట్ విమానానికి వస్తారు. దీని రెక్క ఒంటికి కిందుగానో మధ్యలోనో ఉంటుంది, పైనా కిందా ఒకే వంపు. పల్టీ కొట్టమంటే కొడుతుంది, తలకిందులుగా పొమ్మంటే పోతుంది. కానీ సర్దుకోదు. ఎడమకి వాల్చి వదిలేస్తే అలాగే వాలిపోయి ఉంటుంది, ఎవరో ఒకరు సరిచేసేదాకా. "ఇది మనం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, మన తప్పుతో సహా" అంటారు మావారు. ఆఫీసులో పైవాళ్లూ కిందివాళ్లూ ఆయన చెప్పింది చెప్పినట్టు ఎప్పుడూ చేయరు కదా, పాపం!

చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ ఇందులో అసలు కిటుకు వేరే. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపూ స్టిక్కు కుడికి నెడితే అదీ మన కుడికి వాలుతుంది. తిరిగి మనవైపు వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ. అద్దంలో చూస్తూ జడకి రబ్బరు బ్యాండు పెట్టుకున్నట్టే. కొత్తవాళ్ల విమానాలన్నీ కూలేది ఆ ఎదురొచ్చే మలుపులోనే. దానికి పాతవాళ్లు చెప్పే ఉపాయం ఒకటుంది: ఎడమా కుడీ ఆలోచించకు, ఏ రెక్క కిందికి వాలిందో ఆ వైపుకి స్టిక్కు నెట్టు, వాలిన పందిరికి కర్ర ఊతం పెట్టినట్టు. అంటే ఏ రెక్క వాలిందో ముందు కనబడాలి.

తెలుగు బీఏ చదివిన దాన్ని కాబట్టి భాగాలకి పేర్లు పెట్టే పని నేను తీసుకున్నా. తోకలో అటూ ఇటూ తిరిగేదానికి చుక్కాని అని మనకి పడవల నుంచి మాట ఉండనే ఉంది. రెక్క వెనక అంచున లేచి వాలే పలకల్ని కొంగులు అంటాను. వేగం తగ్గి, ముక్కు పైకెత్తితే రెక్క మీది గాలి జారిపోయి విమానం ఒక్కసారిగా ఒరిగి పడుతుంది చూడండి, దాన్ని ఇంగ్లీషులో స్టాల్ అంటారట. నేను సొమ్మసిల్లడం అన్నాను. ఇప్పుడు మైదానంలో మరో ఇద్దరు కూడా అదే అంటున్నారు. సొమ్మసిల్లిన విమానాన్ని పైకి లాగకూడదు. ముక్కు ఇంకా కిందికి వంచాలి, వేగం అందుకున్నాకే మెల్లగా ఎత్తాలి. పడిపోతున్నదాన్ని పడు అనడానికి చెయ్యి ఒప్పుకోదు. మావారికి ఆ అలవాటు కావడానికి రెండు విమానాలు ఖర్చయ్యాయి.

మైదానం అన్నాను గానీ అది మైదానం కాదు. మా హబ్సిగూడలో ఖాళీ అంటే ఎన్‌జీఆర్‌ఐ గోడ అవతలి చెట్లే. 2021 డ్రోన్ నిబంధనల్లో విమానం మోడళ్లూ వస్తాయి. రెండు కిలోల లోపు, సరదాకి ఎగరేసుకునేవాళ్లకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, మ్యాపులో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చూసుకోవాలి. ఆకుపచ్చలో కూడా 400 అడుగులు దాటకూడదు, విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. మనకేమో ఇటు బేగంపేట, అటు హకీంపేట. అందుకని ఉప్పల్ దాటి, ఏళ్ల తరబడి కడుతూనే ఉన్న ఫ్లైఓవర్ స్తంభాలు దాటి, నారపల్లి అవతలికి పోతాం. అక్కడ వెంచర్లు. ప్లాట్లకి తెల్లరాళ్లు పాతి, తారురోడ్లు వేసి, కొన్నవాళ్లెవరూ ఇళ్లు కట్టని చోటు ఉంటే అదే మా రన్‌వే. ఇళ్లు లేస్తుంటే మేం ఇంకాస్త ముందుకి జరుగుతాం. ఎవరి పెట్టుబడి పండకపోతే మా పంట పండినట్టు!

ఇంట్లో నా వాటా బ్యాటరీల కాపలా. ఈ లిథియం పాలిమర్ బ్యాటరీలు మొండివి. పూర్తిగా ఖాళీ చేస్తే ఉబ్బిపోతాయి, దెబ్బతిన్నదాన్ని ఛార్జింగ్ పెడితే అంటుకోవచ్చు. మట్టికుండలో పెట్టి, నేను మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్. రాత్రి పెట్టి పడుకోవడం మా ఇంట్లో లేదు.

పోయిన కార్తీకంలో ఒక పొద్దున విమానం తిన్నగా వెళ్లి సర్కారు తుమ్మల్లో పడింది. గాలి లేదు, బ్యాటరీ నిండుగానే ఉంది. "ఎదురొస్తోందో పోతోందో తెలియలేదు" అన్నారు మావారు. పదేళ్లుగా చక్కెర ఉంది. డాక్టరు కంట్లో చుక్కలు వేసి, ఫోటోలు తీసి, చక్కెర రెటీనా మీదికి వచ్చింది, సరిగ్గా మధ్యలో వాపుంది అని చెప్పారు. ఎడమ కన్ను ఎక్కువ, కుడి కన్ను తక్కువ. నెలనెలా కంట్లో ఇంజెక్షన్లు. చదవడానికీ ఆఫీసు పనికీ పెద్ద ఇబ్బంది లేదు. కానీ వంద మీటర్ల దూరంలో బొటనవేలంత కనబడే విమానం ఏ రెక్క వాల్చిందో చెప్పాలంటే, కావలసింది ఆ మధ్యచూపే.

మళ్లీ ట్రైనర్‌కి వెళ్లండి, అదే సర్దుకుంటుంది కదా అన్నారు మైదానంలోవాళ్లు. నిటారుగా నిలబెట్టే జైరో పెట్టించుకోండి అన్నారు ఇంకొకరు. అటక మీంచి ట్రైనర్ దించి రెండు బ్యాటరీలు ఎగరేశారు. చక్కగా ఎగిరింది, చక్కగా దిగింది. తిరిగొచ్చేటప్పుడు కార్లో, "పథ్యం మజ్జిగన్నంలా ఉంది" అన్నారు. ఆ మాటకి నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు. ఆ తర్వాత మూడు ఆదివారాలు ఐదింటికి లేవలేదు. ఎనిమిదింటిదాకా పడుకున్నారు. సెలవు రోజు మొగుడు నిద్రపోతుంటే ఏ ఆడదైనా సంతోషించాలి, నాకు మాత్రం ఇల్లంతా తిరుగుతున్నా ఏ పనీ తోచలేదు.

రంగుల ఆలోచన అప్పుడు వచ్చింది. ఆ విమానం కొన్నప్పటి నుంచీ తెలుపు, నీలం గీతలు. మేఘంలో కలిసిపోయే రంగులు. నేనూ మా అమ్మాయీ సన్‌ప్యాక్ షీటు రెక్కల ఆకారంలో కోసి, జాకెట్ ముక్కలు అంటించి, డాబా మీద తీగకి కట్టాం. మావారిని మూడు వీధుల అవతల వాళ్ల స్నేహితుడి డాబా ఎక్కించి ఫోన్లో అడిగాం, ఏది కనబడుతోందని. పసుపు ఎండలో పోయింది. ఎరుపు దూరానికి నల్లబడింది. నాకు తెలిసిన సంగతే, చీరల్లో. పోచంపల్లి దగ్గర నుంచి ఎంత బాగున్నా వీధి చివరికి వెళ్లేసరికి రంగులన్నీ కలిసి ఒక్కటైపోతాయి. గద్వాల అంచు అక్కడి నుంచి కూడా కనబడుతుంది. అంత దూరంలో రంగు నిలవదు, వెలుగూ నలుపూ మాత్రమే నిలుస్తాయి. అందుకని పైన అంతా నారింజ, కింద తెలుపు మీద అరచేతి వెడల్పు నల్ల పట్టీలు. నల్లటివి కనబడితే పొట్ట, కనబడకపోతే వీపు. ఎడమ రెక్క కొస మాత్రం పైనా కిందా పూర్తిగా నలుపు, దిష్టిచుక్కలాగా.

సగం పని జరిగింది. సగమే.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఒకాయన గురించి చదివి వినిపించింది. మేనార్డ్ హిల్ అని అమెరికా ఆయన. 2003 ఆగస్టులో ఐదు కిలోల లోపు బరువున్న బాల్సా చెక్క మోడల్‌ని కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్‌లో చేత్తో గాల్లోకి విసిరాడు. అది సుమారు 38 గంటలు ఎగిరి, మూడు వేల కిలోమీటర్ల అట్లాంటిక్ దాటి, ఐర్లాండ్‌లో దిగింది. అప్పటికి ఆయనకి 77 ఏళ్లు. చట్టం లెక్కలో అంధుడు, చెవులూ దాదాపు వినబడవు. సముద్రం మీద నడిపింది లోపలి ఆటోపైలటే, అటు ఒడ్డున దించింది ఇంకొకరు. అయినా ఆ విమానం ఆయనదే అని ఎవరూ కాదనలేదు. మావారు వింటూ ఏమీ అనలేదు. "ఇంకొకరు దించారా?" అని మాత్రం మళ్లీ అడిగారు.

మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. ల్యాప్‌టాప్‌లో సిమ్యులేటర్ మీద నేర్చుకుని, తండ్రికంటే బాగా దించుతుంది. ఎదురొచ్చే మలుపు దానికి సమస్యే కాదు, ఆ వయసు అలాంటిది. రెండు రిమోట్లని ఒక వైరుతో కలపొచ్చని చెప్పింది. నేర్పేవాడి చేతిలో ఒకటి, నేర్చుకునేవాడి చేతిలో ఒకటి. పెద్ద రిమోట్ మీద ఒక స్విచ్. దాన్ని వేలితో పట్టుకుని ఉన్నంతసేపూ విమానం నేర్చుకునేవాడిది. వేలు వదిలిన క్షణం నేర్పేవాడిది. మామూలుగా పెద్దరిమోట్ తండ్రుల చేతిలో ఉంటుంది. మా దగ్గర కూతురి చేతిలో.

ఒప్పుకుంటారని నేననుకోలేదు. ఒంటరిగా ట్రైనర్ ఎగరేయడం కంటే ఇదే నయమన్నారు. అత్తమ్మ కూడా ఒకసారి కార్లో వచ్చి, కుర్చీలో కూచుని చూసి, "బిడ్డ తాడు పట్టుకున్నది, అయ్య ఆడుతున్నడు" అంది. వెక్కిరింపు కాదు, చూసింది చెప్పింది. ఇద్దరూ పక్కపక్కన, మధ్యలో మూడడుగుల వైరు. దూరం పోతే ఆయన అడుగుతారు, "పొట్టా, వీపా?" "పొట్ట నాన్నా, ఎడమకి వాలింది." "సరే." రెక్క లేస్తుంది. పల్టీ కొట్టించినప్పుడు ఇప్పటికీ ఆయన మోకాళ్లు కాస్త వంగుతాయి, తానే తిరుగుతున్నట్టు. గద్దలు రెండు పైన తిరిగి, ఇది తినేది కాదని తేల్చుకుని పోతాయి.

మొన్న ఆదివారం దిగేటప్పుడు పక్కగాలి కొట్టింది. అందరూ విమానాన్ని చూస్తున్నారు. నేను దాని వేలు చూస్తున్నా. చక్రాలు తారుని తాకి, కొంచెం ఎగిరి, రాయి దాకా వెళ్లి ఆగాయి. మావారు రిమోట్ దించి, "చివర్లో నువ్వు తీసుకున్నావా?" అని అడిగారు. "లేదు నాన్నా." ఆయన నావైపు చూశారు. నేను ఉప్మా డబ్బా మూత తీస్తున్నా.

వచ్చే గురువారం మళ్లీ ఇంజెక్షన్, ఐదోది. వాపు కొంచెం తగ్గిందంటున్నారు. పట్టీలు ఇంకాస్త వెడల్పు చేయమన్నారు మావారు. నల్లరంగు అయిపోయింది, సాయంత్రం స్ట్రీట్ నంబర్ ఎయిట్ వైపు వెళ్లినప్పుడు తేవాలి.