బెత్తము ఏమి నేర్పును?

బిడ్డల పెంపకమును గూర్చి మాటలాడినప్పుడెల్ల మన సంఘములలో ఒకే వాక్యము ముందుకు వచ్చును. అది సామెతల గ్రంథములోని బెత్తపు మాట. రాచర్ల చుట్టుపట్ల పల్లెలలో ఇండ్లు దర్శించునప్పుడు, మరి ఏ వాక్యమును రాని తండ్రికి కూడ అది కంఠస్థమై యుండుట చూచితిని. "అయ్యగారూ, కొట్టకపోతే చెడిపోతాడు గదా! దేవుడే కొట్టమన్నాడు గదా!" అని వారందురు. ఆ బెత్తము బిడ్డకు నిజముగా ఏమి నేర్పుచున్నదో ఈ మాసము నిదానముగా ఆలోచింతము.

మా తాతల కాలపు వీధిబడులలో కోదండమను శిక్ష యుండెడిది. దూలమునకు త్రాడు కట్టి, పిల్లవానిని దానిని పట్టుకొని వ్రేలాడునట్లు చేసెడివారు. నా తరము వచ్చునప్పటికి కోదండము పోయినది గాని గోడకుర్చీ, తొడపాశము, బెత్తము మిగిలినవి. నేను చదివిన బడిలో పదమూడవ ఎక్కము తప్పినవానికి అరచేతిమీద దెబ్బలు పడెడివి. దెబ్బలు తిన్నవారిలో కొందరు ఎక్కము నేర్చుకొనిరి. కొందరు ఆ గంట వచ్చునప్పటికి కంపచెట్ల చాటున దాగుట నేర్చుకొనిరి. ఇద్దరు బడియే మాని మేకల వెంట పోయిరి. బెత్తము ఒక్కటే, అది నేర్పిన పాఠములు మూడు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ సంగతిని నూరేండ్లకు పైగా పరిశోధించిరి. అమెరికా దేశస్థుడైన థార్న్‌డైక్ ఆకలిగొన్న పిల్లులను పెట్టెలలో మూసి, అవి గడియ తీసికొని బయటి ఆహారమును చేరు విధమును 1898లో ప్రకటించెను. తృప్తినిచ్చిన పని మరల వచ్చును, బాధనిచ్చిన పని తగ్గును అని ఆయన మొదట తలంచెను. పిమ్మట మనుష్యులతో కూడ పరీక్షలు చేసి, 1930 ప్రాంతములలో ఆ మాటను దిద్దుకొనెను. బహుమానము పనిని బలపరచునంతగా దండన దానిని బలహీనపరచదని ఆయన కనుగొనెను.

స్కిన్నర్ అను మరియొక శాస్త్రజ్ఞుడు 1938లో ఒక పరీక్షను వివరించెను. మీట నొక్కిన ఆహారము వచ్చునని నేర్చిన ఎలుకలకు ఆహారము ఆపివేసి, వాటిలో కొన్నిటికి మాత్రము మొదట కొంతసేపు, మీట నొక్కగానే పాదముమీద దెబ్బ తగులునట్లు చేసెను. దెబ్బ తిన్నవి నొక్కుట తగ్గించినవి. దెబ్బలు ఆగిన తరువాత మరల మొదలుపెట్టి, తుదకు దెబ్బ తినని ఎలుకలు నొక్కినన్ని సార్లు ఇంచుమించుగా నొక్కినవి. దెబ్బ ఆ అలవాటును కొంతకాలము దాచినదే గాని చంపలేదు. మిక్కిలి గట్టి దెబ్బ, ప్రతిసారి, తక్షణమే తగిలినయెడల అలవాటు అణగునని తరువాతి పరిశోధనలు చూపినవి. అయితే ఏ తల్లి తన బిడ్డను అట్లు కొట్టవచ్చును?

ఒక పని వెంట వచ్చిన ఫలితమువలన ఆ పని హెచ్చినయెడల ఆ ఫలితమును పునర్బలనము అందురు. తగ్గినయెడల దండన అందురు. మేలు దొరకుట ఒక్కటే కాదు, కీడు తప్పుటయు పునర్బలనమే. ఇది మన ఇండ్లలో ఎట్లు జరుగుచున్నదో చూడుడి. బెల్లము తిన్న పిల్లవాడు "నేను తినలేదు" అనెను, దెబ్బ తప్పినది. బెల్లము తినుట మానెనో లేదో గాని అబద్ధము మాత్రము బలపడినది. అంగడియొద్ద బిడ్డ మిఠాయికై ఏడ్చును. తల్లి మూడుసార్లు కాదని, నాలుగవసారి విసిగి కొనిపెట్టును. ఎప్పుడో ఒకసారి దొరకు ఫలము ప్రతిసారి దొరకుదానికంటె అలవాటును మొండిచేయును. పేకాటవాడు ఓడిపోవుచును లేవలేకపోవుటకు ఇదియే కారణము.

కొట్టువాని సంగతియు ఆలోచింపుడి. బెత్తము ఎత్తగానే తరగతి నిశ్శబ్దమగును. ఆ నిశ్శబ్దమే ఉపాధ్యాయునికి బహుమానము. గనుక మరునాడు ఆ చేయి మరింత త్వరగా లేచును. పిల్లవాడు ఎక్కము నేర్చినను నేర్వకున్నను, పెద్దవాడు కొట్టుట మాత్రము నేర్చుకొనును. మన ఇండ్లలోను ఇట్లే జరుగుచున్నది. దీనికి మనము భయపడవలెను.

మన రాష్ట్ర ప్రభుత్వము 2002లో విద్యా నియమములను సవరించి బడులలో శారీరక దండనను నిషేధించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షనులో దేశమంతటను దానిని, మానసిక వేధింపును నిషేధించెను. ఆ సెక్షను బడికి సంబంధించినది. ఇంటిలో ఈ భారము తలిదండ్రుల మనస్సాక్షిమీద నున్నది.

అట్లని ప్రతి పనికి మిఠాయి పెట్టుడని చెప్పుట లేదు. 1973లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో బొమ్మలు గీయుటయందు ఇష్టముగల చిన్నపిల్లలలో కొందరికి, గీచినయెడల బహుమానమిత్తుమని ముందుగా చెప్పిరి. కొన్నాళ్లకు ఆ పిల్లలే మిగిలినవారికంటె తక్కువగా గీయుచుండిరి. సండే స్కూలులో రంగుల కార్డు కొరకే వచ్చు బిడ్డ కార్డు ఆగిననాడు రాకపోవచ్చును. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి బాల్యమున బడిలో దెబ్బలు తిన్నవాడు. శిక్షయు బహుమానమును రెండును చదువును చెరుపునని ఆయన చెప్పెను. ఆయనతో మనము అన్నిటియందు ఏకీభవింపము గాని ఈ హెచ్చరిక వినదగినది.

మరి సామెతల మాట? అక్కడ బెత్తమని తెలుగు చేయబడిన హెబ్రీ మాట షేబెత్. 23వ కీర్తనలో కాపరి చేతనుండి భక్తుని ఆదరించు దుడ్డుకఱ్ఱయు ఆ మాటయే. సామెతలలో శిక్ష లేదని నేననుట లేదు. అయితే మన మేకలకాపరిని చూడుడి. ఆ కఱ్ఱతోనే కొమ్మ వంచి ఆకు అందించును, దారి తప్పినదానిని మళ్లించును. మందను రోజంతయు కొట్టువాని వెంట మంద నడువదు. బిడ్డలకు కోపము రేపవద్దని తండ్రులను హెచ్చరించిన పౌలు, వారిని శిక్షలోను బోధలోను పెంచుమనెను. బోధను విడిచి శిక్షను మాత్రము పట్టుకొనుట వాక్యమును సగము చదువుట.

మన మార్కాపురపు పలకను తలంచుకొనుడి. ఎన్నో తరముల బిడ్డలు దానిమీద అక్షరములు దిద్దిరి. తప్పు వచ్చినయెడల తడిగుడ్డతో తుడిచి మరల వ్రాయుదురు. తప్పు చెరిగిపోవును, పలక నిలుచును. బిడ్డను దిద్దుటయు అట్లే యుండవలెను. వాడు చక్కగా చేసిన పనిని వెంటనే, పేరుపెట్టి మెచ్చుకొనుడి. "మంచివాడివి" అనుటకంటె "చెప్పకుండానే గొడ్లకు నీళ్లు పెట్టినావే" అనుట మేలు. నిజము చెప్పిన బిడ్డకు ఆ నిజమువలన దెబ్బ తగులనీయకుడి. చేసిన నష్టమును వానిచేతనే సరిచేయించుడి. ఇయ్యనని చెప్పినది నాలుగవ ఏడ్పునకును ఇయ్యకుడి.

ఈ వారము మీ ఇంటిలో, సాయంకాల ప్రార్థనకు ముందు, ఆ దినమున మీ బిడ్డ చేసిన ఒక మంచి పనిని వాని యెదుటనే చెప్పుడి. ఏమియు కనబడకపోయినయెడల మరునాడు మరింత శ్రద్ధగా చూడుడి. బిడ్డ తప్పులను మన కన్నులు త్వరగా పట్టును. వాని మేలును చూచుట మాత్రము మనమును నేర్చుకొనవలసిన పాఠమే.