వాకిలికి టేకు, లోపలికి ఏదో ఒకటి

ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఎవరైనా ఇల్లు బాగు చేయిస్తున్నారని తెలిస్తే చాలు, చూడొచ్చినవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే: "వాకిలికి ఏం కర్ర ఏస్తా ఉండావన్నా?" బల్లార్షా టేకు అని చెప్పగలిగితే ఇంటాయన ఆ పూటకు ఒక అంగుళం పెరుగుతాడు. ముహూర్తం చూసి ద్వారబంధం నిలబెడతారు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, నవధాన్యాల మూట వేలాడదీసి, వడ్రంగి ఆచారికి తాంబూలంలో దక్షిణ పెట్టి ఇస్తారు. తలుపు మీద లక్ష్మీదేవి ఉండాలా, ఏనుగులు ఉండాలా, నెమళ్ళు ఉండాలా అని ఇంటిల్లిపాదీ ఫోన్లో బొమ్మలు చూస్తారు. లోపలి తలుపుల సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. టైల్స్ పరిచి, రంగులవాళ్ళకు అడ్వాన్సు ఇచ్చి, చేతిలో డబ్బు అడుగంటాక ఒకనాడు ఆచారే గుర్తు చేస్తాడు: "లోపలికి కూడా తలుపులు కావాల గదన్నా." దానికి వచ్చే జవాబూ ఒకటే. "ఏదో ఒకటి చూసి ఏసెయ్యి."

ఆ ఏదో ఒకటి మీదే నా పేచీ. వీధి తలుపును పొద్దున తీస్తే రాత్రికి మూస్తాం. పడగ్గది తలుపునూ స్నానాలగది తలుపునూ ఇంట్లో ప్రతి మనిషీ రోజంతా తీస్తూ మూస్తూనే ఉంటాడు. తడి తగిలేది వాటికే. పిల్లలు పట్టుకుని ఊగేది వాటినే. ఎవరికన్నా కోపమొస్తే దబాలున వేసేదీ వాటినే. ఇంత చాకిరీ చేసేవాటికి మిగిలిన డబ్బూ, మిగిలిన ఓపికా మాత్రమే దక్కడం అన్యాయం.

నిజానికి మన పాత ఇళ్ళకు లోపలి తలుపుల అలవాటే తక్కువ. మట్టి మిద్దెల్లో వాకిలి తర్వాత గట్టి తలుపు ఉండేది ఒడ్లూ పప్పులూ దాచే కొట్టుగదికే. దానికి తాళం, ఆ తాళంచెవి అవ్వ బొడ్లో. మిగతా గుమ్మాలకు ఏ పాత చీరో తెరగా వేలాడేది. తలుపులు చేసిన చోట అవి వేపవో, నల్ల తుమ్మవో అయ్యేవి. చెట్టు పెరట్లోదో చేలోదో. కోసిన మొద్దును నానేసి, నీడన ఎండబెట్టి, అది కదలడం మానేశాకే ఆచారి ఉలి పెట్టేవాడు. ఆ తలుపులకు ఇనుప బందులు ఉండేవి కావు. రెక్క చెక్కకే మీదా కిందా మొనలు తీసి, గుమ్మంలో తొలిచిన గుంటల్లో కూర్చోబెట్టేవాళ్ళు. తీసినప్పుడల్లా కిర్రుమనేది. ఆ చప్పుడును బట్టే ఎవరు లేచారో, ఎవరు వంటింట్లోకి దూరారో ముసలాళ్ళు పడుకునే చెప్పేసేవాళ్ళు. ఆముదం చుక్క వేస్తే కొన్నాళ్ళు నోరు మూసుకునేది.

ఇప్పుడు ఇళ్ళు తిరగ్గట్టేది ఎక్కువగా ఆ తెర స్థానంలో తలుపు పెట్టడానికే. కొడుకులు బెంగుళూరులోనో కువైట్‌లోనో ఉంటారు. సంక్రాంతికి పెళ్ళాం పిల్లలతో దిగుతారు. గదిలోనే బాత్రూం కావాలి, గదికి గడియ కావాలి. మా బంధువుల ఇంట్లో కొత్త కోడలు గడియ అడిగిందని పెద్దాళ్ళు నాలుగు రోజులు మొహం ముడుచుకున్నారు. నేను కోడలి పక్షమే. తలుపు వేసుకునే హక్కు లేని గదిని గది అనడం దండగ.

ఇక కర్ర సంగతి. ఉదయగిరికి వెనకంతా వెలిగొండలు. ఆ కొండల్లో ఎర్రచందనం ఉంది. తూర్పు కనుమల దక్షిణపు కొసన, మన నెల్లూరు, కడప, చిత్తూరు చుట్టుపక్కల తప్ప లోకంలో ఇంకెక్కడా తనంతట తాను పెరగని చెట్టది. దాని కోసం దొంగలు, పోలీసులు, అడవిశాఖ వాళ్ళు రాత్రిళ్ళు కాపలాలు, వేటలు. అదే ఊరి దిలావర్ భాయ్ వీధిలో కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలున్నాయి. దేవదారి, బిక్కి లాంటి కొండ కర్రల మీద పారశీక నమూనాల పువ్వులు తీస్తారు. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. పచ్చి కర్రతో చెంచా చేస్తే నాలుగు రోజుల్లో వంకర తిరుగుతుందని ఆ వీధిలో చిన్నపిల్లనడిగినా చెప్తుంది. ఇంత కర్ర తెలిసిన ఊళ్ళో పడగ్గది తలుపు లోపల ఉండేది ఎక్కడో పెరిగిన పైన్ ముక్కలు. చెంచాకున్న మర్యాద తలుపుకు లేదు.

ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పొడుగునా తలుపుల షాపులు పెరిగాయి. లోపలికి పోతే వరసగా గోడకు ఆనించి నిలబెట్టి ఉంటాయి. ఫ్లష్ డోరు, స్కిన్ డోరు, మెంబ్రేన్, డబ్ల్యూపీసీ, పీవీసీ. షాపతను అన్నిటినీ ఒకే ఊపిరిలో పొగుడుతాడు. చూడ్డానికి స్కిన్ డోరు బ్రహ్మాండంగా ఉంటుంది. పలకలు తీర్చినట్టు, తెల్లగా, నున్నగా. అది అచ్చులో ఒత్తిన రెండు పలచటి రేకుల్లాంటి చెక్కపొట్టు అట్టలు, మధ్యలో అడ్డపట్టీలు. పొడిగా ఉండే గదికి పరవాలేదు. నీళ్ళు తగిలిన చోట ఉబ్బి, పొర లేచిపోతుంది. మెంబ్రేన్ డోరు కూడా అంతే, పొట్టు చెక్క మీద ప్లాస్టిక్ తొడుగు. అంచు దగ్గర తొడుగు ఊడిందంటే ఇక ఆపడం ఎవరి తరమూ కాదు.

నా ఓటు పడగ్గదులకు ఫ్లష్ డోరుకే. అయితే లోపలంతా గట్టి కర్ర ముక్కలు నింపినదానికి. కణుపులతో తట్టి చూస్తే డబడబలాడకూడదు, మొద్దు చప్పుడు రావాలి. ఇద్దరు పట్టుకుని లేపితే బరువు తెలియాలి. పక్క అంచున గట్టి కర్ర పట్టీ కనిపించాలి. ఐఎస్ఐ ముద్ర పక్కన ఫ్లష్ డోర్లకు వేసే 2202 అంకె ఉందో లేదో చూడాలి. జిగురు మరిగే నీళ్ళకు తట్టుకునేదేనా అని అడగాలి. ఆ ప్రశ్న అడిగితే షాపతను రెండోసారి మిమ్మల్ని ఎగాదిగా చూసి, లోపలి గోడౌను నుంచి వేరే సరుకు తెప్పిస్తాడు. బందులు మూడు వేయించాలి, నాలుగంగుళాలవి. రెండే చాలన్నవాడు తలుపు జారే రోజుకు మీ ఊళ్ళో ఉండడు.

షాపులో ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. తలుపు బిగించాక రంగులవాడు ముందూ వెనకా పక్కలా నున్నగా వేసిపోతాడు. తలుపు నెత్తినా, అరికాలునా వేయడు. ఎవరూ చూడరు గదా! ఒకసారి కింద వేలు పెట్టి తడిమి చూడండి. గరుకుగా, పొట్టు రాలుతూ తగులుతుంది. అక్కడి నుంచే చెమ్మ లోపలికి ఎక్కుతుంది. మన నెల్లూరు జిల్లాకు వానలు ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. మే నెల ఎండలో కర్ర ఎండి, ముడుచుకుని, గుమ్మానికీ రెక్కకూ మధ్య పెన్సిలు దూరేంత సందు ఇస్తుంది. ఆ సందు చూసి తలుపు సరిగ్గా కుదిరిందని మురిసిపోతాం. కార్తీకం వచ్చేసరికి అదే తలుపు ఉబ్బి, మూస్తే తెరుచుకోదు, తెరిస్తే మూసుకోదు. 1513లో ఉదయగిరి కోటను చుట్టుముట్టిన కృష్ణదేవరాయలు లోపలికి దారి దొరక్క ఏడాదిన్నర కాచుకున్నాడు. కొండరాళ్ళు పగలగొట్టించి దారి వేయించుకున్నాక 1514లో గానీ కోట దక్కలేదు. స్నానాలగది ముందు తువ్వాలు భుజాన వేసుకుని నిలబడినవాడికి అంత ఓర్పు ఉండదు. తంతాడు.

ఆచారి చిత్రిక తెచ్చి అంచు తోసేస్తాడు. బాగానే ఉంటుంది, వేసవి వచ్చి మళ్ళీ సందు పడేదాకా. తోసిన చోట రంగు వేయకపోతే తర్వాతి కార్తీకానికి మళ్ళీ ఇదే కథ. పాత నేల మీదే కొత్త టైల్స్ పరిచినప్పుడు ఈ బాధ రెండింతలు. సిమెంటుతో కలిపి నేల ఒకటిన్నర అంగుళం దాకా లేస్తుంది. దాంతో ఉన్న తలుపుల అడుగు కోయక తప్పదు. కోసిన ఫ్లష్ డోరు అడుగున లోపలి ముక్కలు పళ్ళు బయటపెట్టి కనిపిస్తాయి. ఆ చోట ప్రైమరు, పైన రెండు పూతలు పడాలి. టైల్స్ వేయించాకే తలుపుల కొలత ఇవ్వాలని నేను ఎంతమందికి చెప్పానో, వినేవాళ్ళు తక్కువ. రెడీమేడ్ తలుపులు ఎక్కువగా 78, 81 అంగుళాల ఎత్తుల్లో దొరుకుతాయి. పాత మిద్దెల గుమ్మాలు తల వంచుకుని పోయేంత పొట్టివి. గోడ కొట్టి ఎత్తు పెంచాలా, పొట్టి తలుపు చేయించాలా అన్నది ముందే తేల్చుకోవాలి. గోడ మట్టిదైతే పైన దూలం చూడకుండా గునపం ముట్టుకోనివ్వకండి.

స్నానాలగదికి కర్ర పెట్టమని నేను చెప్పను. అక్కడ కర్రపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసే డబ్ల్యూపీసీ నయం. చెద పట్టదు, నీళ్ళకు ఉబ్బదు. కాకపోతే అందులో మరమేకు పట్టు కర్రలో ఉన్నంత ఉండదు, బందుల దగ్గర పొడుగు మరమేకులు దించాలి. వెడల్పు దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. అందరూ రెండున్నర అడుగుల తలుపు పెట్టేస్తారు. గుమ్మం చెక్కలు, తెరిచి ఉన్న రెక్క మందం పోగా మిగిలే దారిలో చక్రాల కుర్చీ పట్టదు. ఇంట్లో డెబ్బై దాటినవాళ్ళుంటే మూడడుగులు పెట్టించండి. తలుపు బయటికి తెరుచుకునేట్టు చేయించండి. లోపల మనిషి జారిపడితే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డం. బయటి నుంచి నాణెంతో తిప్పి తెరవగలిగే గడియలు ఇప్పుడు దొరుకుతున్నాయి. లోపలి గుమ్మాలకు గడప వద్దు. గడప తన్నుకుని పడిన పెద్దాళ్ళను ఎంతమందిని నెల్లూరు ఆసుపత్రులకు మోయలేదు మనం!

వాస్తు గురించి ఒక మాట. తలుపుల లెక్క సరిసంఖ్య రావాలి, పది ఇరవై లాంటి సున్నా మాత్రం ఉండకూడదు అంటారు. బాత్రూం చేరిస్తే లెక్క బేసి అవుతుంది. దాన్ని సరి చేయడానికి ఒకాయన వంటింటికీ నడవకూ మధ్య ఉన్న తలుపు పీకించాడు. ఇప్పుడు తాలింపు ఘాటు పడగ్గదుల దాకా వస్తుంది. లెక్క మాత్రం సరిగ్గా ఉంది.

పాత తలుపులను పాత సామాన్ల వాళ్ళకు తోలేయడం చూస్తే నాకు కడుపు మండుతుంది. మన పాత ఇళ్ళ వేప తలుపులూ టేకు తలుపులూ లారీలెక్కి పోతాయి. పట్నాల్లో ఎవరో వాటికి పాలిష్ పెట్టించి, భోజనాల బల్ల చేయించుకుంటారు. వాటికి కదలాల్సిన కదలిక చాలావరకు ఎప్పుడో అయిపోయింది, ఇక పచ్చి కర్రలా వంకర తిరగవు. కొత్త వాకిలి పెట్టించినా, పాత వీధి తలుపును కాస్త కోయించి, బందులు వేయించి లోపలి గదికి వాడుకోండి. ఆత్మకూరులో మా పెద్దమ్మ అదే చేసింది. తాత కాలపు వేప రెక్కలు రెండూ ఇప్పుడు ఆమె పడగ్గదికి ఉన్నాయి. మధ్యలో పాత గొళ్ళెం గుంట మూసి, పైన ఇత్తడి పిడి పెట్టించింది. "దీనికి చేసిన ఖర్చు మూడు బందులు, ఒక పిడి, ఆచారి కూలీ. అంతేరా నాయనా," అంటుంది.

ఏది వేయించినా వినాయక చవితి లోపు వేయించండి. కొలతలు ఇవ్వడానికి ముందు నేల పని ముగించండి. రంగులవాడికి డబ్బిచ్చే ముందు ప్రతి తలుపు నెత్తినా అడుగునా వేలితో తడిమి చూడండి. వానలు మొదలయ్యాక మన వైపు ఆచారులు ఒక్కరూ దొరకరు. అందరూ ఉబ్బిన తలుపులు తోస్తూ ఉంటారు.