నీటి తెర మీద తెల్ల హంస

పిల్లలూ, హైదరాబాదులో హుసేన్ సాగర్ అనే పెద్ద చెరువు ఉన్నది. దాని నడుమ 1992లో నిలిపిన ఏకశిలా బుద్ధ విగ్రహాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ చెరువు గట్టునే లుంబినీ పార్కు ఉన్నది. కొన్నేళ్ళ కిందట మా మనవరాలిని వెంటబెట్టుకుని లేజరు ప్రదర్శన చూడటానికి అక్కడికి వెళ్ళాను.

మేము చేరేసరికి పొద్దు గూకుతున్నది. మసక కమ్మేకొద్దీ తోటలోని ఎర్ర మందారాలు నల్లబడ్డాయి. వాటి ఆకులు మాత్రం ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. పూల రంగు మారిందా? లేదు, మన చూపు మారింది. వెలుతురు తగ్గితే కంటికి ముందుగా మాయమయ్యేది ఎరుపే. సుమారు 200 ఏళ్ళ కిందట పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు ఈ వింతను గమనించాడు.

చీకటి పడింది. చెరువులోనుంచి నీళ్ళు సన్నని తుంపరగా లేచి తెరలాగా నిలిచాయి. ఆ తెర మీద కాంతి గీతలతో ఒక తెల్ల హంస ఈదుకుంటూ వచ్చింది.

"తాతయ్యా, లేజర్లలో తెల్లది కూడా ఉంటుందా?" అన్నది మనవరాలు.

ప్రదర్శన ముగిశాక యంత్రం నడిపే యువకుణ్ణి అడిగాము. "తెల్లది లేదు సార్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడే," అని అతను హంసను మళ్ళీ గీసి, నీలం ఒక్కటీ ఆపేశాడు. హంస పసుపుపచ్చగా మారిపోయింది!

మన కంటి లోపలి పొరలో రంగులు గుర్తించే శంకువులు మూడు రకాలు. మూడింటినీ తగుపాళ్ళలో తాకితేనే మనకు తెలుపు తోస్తుంది. అయితే కంటికి అన్ని రంగులూ సమానం కావు. ఒకే శక్తి గల కిరణాలలో 520 నానోమీటర్ల ఆకుపచ్చ, 638 నానోమీటర్ల ఎరుపు కంటే దాదాపు నాలుగు రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది. 445 నానోమీటర్ల నీలం కంటే 20 రెట్లకు పైగా ప్రకాశిస్తుంది. అందుకే పగటి వెలుగువంటి తెలుపు కావాలంటే ఆకుపచ్చ 1 వాటు ఉంటే ఎరుపు ఇంచుమించు 1.4 వాట్లు, నీలం 0.6 వాటు కలపాలి.

ఆ తెలుపు ప్రకాశంలో నీలం వాటా నూటికి రెండు పాళ్ళు కూడా ఉండదు. అయినా అది లేకపోతే తెలుపే లేదు. మీ అమ్మమ్మ తెల్లబట్టలు జాడించే నీళ్ళలో రెండు చుక్కలు నీలిమందు ఎందుకు వేసేదో ఇప్పుడు తెలిసిందా?

ఇంకొక సంగతి చెప్పాలి. ప్రదర్శన జరుగుతుండగా మా పక్కన కూర్చున్న తొమ్మిదేళ్ళ కుర్రవాడు, "ఎర్ర చేప ఎక్కడ నాన్నా?" అని మాటిమాటికీ అడిగాడు. తండ్రి విసుక్కుని, "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా!" అన్నాడు.

నా గుండె కలుక్కుమన్నది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక పిల్లవాడు చెట్టు ఆకులకు గోధుమరంగు వేశాడు. వేళాకోళం చేస్తున్నాడనుకుని వాణ్ణి బెంచీ ఎక్కించాను. వాడు ఏడ్చాడే గాని ఎదురు చెప్పలేదు. ఆకులూ ఆ రంగూ వాడికి ఒక్కలాగే కనిపించాయని చాలా ఏళ్ళకు గాని నాకు తెలిసిరాలేదు. అప్పటికి వాడు బడి విడిచి వెళ్ళిపోయాడు.

పుట్టుకతోనే కొందరికి ఒక రకం శంకువులు ఉండవు, లేదా సరిగా పనిచేయవు. దీన్ని వర్ణాంధత్వం అంటారు. ఇది ఎక్కువగా మగపిల్లలలోనే కనిపిస్తుంది. వీరిలో కొందరికి ఎర్ర లేజరు గీత దాదాపు నల్లగా తోస్తుంది. యంత్రంలో రంగుల పాళ్ళు కుదిర్చింది పదిమంది కంటికే గాని ఆ పిల్లవాడి కంటికి కాదు.

ఆ సంగతే తండ్రితో మెల్లగా చెప్పాను. 1917లో జపాను డాక్టరు ఇషిహారా తయారుచేసిన చుక్కల బొమ్మలతో కంటి డాక్టరు దీన్ని కొద్ది నిమిషాలలోనే పరీక్షించగలడని కూడా చెప్పాను. ఆయన కొడుకును దగ్గరికి తీసుకుని, "ఆ చేప ఎట్లా ఉందో నేను చెబుతాను, వినురా," అన్నాడు.

పిల్లలూ, మీ తరగతిలో ఎవరైనా రంగు తప్పు చెబితే నవ్వకండి. వాడికి ఎట్లా కనిపిస్తున్నదో ముందు అడగండి.